ఇల్లాలికి వేదాంత విద్య ఎందుకంటారా?

ఈ వేసవిలో నేను ఆన్‌లైన్‌లో వేదాంత విద్య కోర్సు ఒకటి చేస్తున్నానని తెలిసినవాళ్ళంతా ఒకే ప్రశ్న వేశారు. "ఏం, పాస్టరమ్మవి అవుతావా?" మా ఆడపడుచు అడిగింది. పక్కింటి అక్క అడిగింది. చర్చిలో మా వెనక బెంచీలో కూర్చునే పెద్దాయన కూడా నవ్వుతూ అడిగారు. (వేదాంత విద్య అంటే ఉపనిషత్తులు కాదండీ. థియాలజీకి మా క్రైస్తవుల్లో వాడే మాట అది. ఇక పాస్టరమ్మ అంటే మా దగ్గర పాస్టరుగారి భార్య. ఆమే పాస్టరైతే ఏమని పిలవాలో ఎవరూ తేల్చలేదు!)

ఎగతాళిగా అడిగినవాళ్ళు తక్కువే. చాలామందికి నిజంగానే అర్థం కాలేదు. దీనివల్ల ఉద్యోగం రాదు. పాస్టరునవ్వాలన్న ఆలోచన నాకు లేదు. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, పైన గుంటూరు ఎండలు. మరి ఎందుకీ చదువు?

ఎందుకంటే మనం ఇప్పటికే బోధిస్తున్నాం కాబట్టి. ఆదివారం ప్రసంగం అయ్యగారే చేయొచ్చు. కానీ మా సంఘంలో సండే స్కూల్ టీచర్లు ఏడుగురైతే ఏడుగురూ ఆడవాళ్ళే. మే నెలలో పది రోజులు వీబీఎస్ నడిపేది కూడా వాళ్ళే. పాటలు, యాక్షన్లు, కంఠత వాక్యాలు, చివర్లో బిస్కెట్ ప్యాకెట్, రస్నా అన్నీ వాళ్ళ చేతుల మీదుగానే. ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందుగా వెళ్ళి ఆ ఇంటి ఆడవాళ్ళ పక్కన కూర్చునేది మనమే. రాత్రి పడుకోబోయే ముందు పిల్లలకు దావీదు, గొల్యాతు కథ చెప్పేదీ మనమే. దేవుడు ఎలాంటివాడో చాలామంది మొదట వినేది అమ్మ నోటి నుంచే. ఇంత పని చేసేవాళ్ళకు శిక్షణ ఏదండీ? అంగన్‌వాడీ టీచరుకి కూడా ట్రైనింగ్ ఇస్తారు కదా!

కిందటేడు వీబీఎస్‌లో నోవహు ఓడ పాఠం అవుతోంది. ఒక తొమ్మిదేళ్ళ పిల్ల లేచి, "టీచర్, ఓడ బయట ఉండిపోయిన చంటిపిల్లలు ఏం పాపం చేశారు?" అని అడిగింది. పాఠం చెప్తున్న అమ్మాయి బీటెక్ చదివింది, చురుకైనది. కానీ ఆ క్షణంలో ఏం చెప్పాలో తోచక, "దేవుణ్ణి అలా ప్రశ్నించకూడదమ్మా" అని పాట మొదలుపెట్టింది. పిల్ల ఊరుకుంది. ఊరుకుందంటే ఒప్పుకుందని కాదు. ఇలాంటి పిల్లలు పదహారేళ్ళు వచ్చేసరికి చర్చికి రావడం మానేస్తే మనం సెల్‌ఫోన్లను తిట్టుకుంటాం.

పిల్లల ప్రశ్నలైనా కాస్త ఆగుతాయి. చావింట్లో మాట ఆగదు. మా వీధిలో ఒకామెకు ముప్పై దాటకుండానే భర్త పోయాడు, జ్వరంతో. పలకరించడానికి వెళ్ళినవాళ్ళలో ఒకరు, "దేవుడు తన తోటలో మంచి పువ్వునే కోసుకుంటాడమ్మా" అన్నారు. ఇంకొకరు, "ముందే ఉపవాస ప్రార్థన పెట్టుంటే బాగుండేది" అన్నారు. మూడో ఆవిడ గొంతు తగ్గించి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోమంది. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. ఆ వారమంతా ఆమెకు అన్నం కలిపి పెట్టింది వీళ్ళే. కానీ వాళ్ళు అన్న ఆ మూడు మాటలూ వేదాంతమే. ఎక్కడో విన్నది, టీవీలో ఎవరో అరిచి చెప్పింది, పరీక్షించి చూడకుండా తెచ్చి ఆమె ఒళ్ళో పోశారు. నెల తర్వాత ఆమె నాతో అంది: "అక్కా, ఆయన లేడన్న బాధ ఒకటి. నా ప్రార్థన చాలక పోయాడేమోనన్న బాధ ఇంకొకటి. ఆ రెండోది మనవాళ్ళు ఇచ్చిందే."

ఆ మాట విన్నాక నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. అమెరికాలోని ఒక సెమినరీవాళ్ళు వేసవిలో బయటివాళ్ళకు కూడా పాఠాలు పెడతారని మా చెల్లెలు చెప్పింది. జ్ఞాన గ్రంథాలు అనే కోర్సు, ఆరు వారాలు. యోబు, సామెతలు, ప్రసంగి. చిట్టీ డబ్బుల్లోంచి ఫీజు కట్టాను. ఒక మంచి మిక్సీ కొనుక్కునేంత అయింది.

యోబు గ్రంథం నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే. మన ప్రసంగాల్లో యోబు అంటే ఓర్పు. మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం చెప్పి, పోయిందంతా రెండింతలు వచ్చిందని ముగిస్తారు. మొత్తం 42 అధ్యాయాలు కదా, మధ్యలో ఉన్నదేమిటి? యోబు, ముగ్గురు స్నేహితులు చేసిన వాదన. ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట చాలా గొప్ప పని చేస్తారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చుంటారు. నోరు తెరిచిన దగ్గర్నుంచే గొడవంతా. నీతిమంతుడికి ఇలా జరగదు, నువ్వేదో చేసే ఉంటావు, ఒప్పుకో. వాళ్ళు దేవుడి పక్షాన మాట్లాడుతున్నామనే అనుకున్నారు. యోబు మాత్రం దేవుడితోనే పోట్లాడతాడు, తను పుట్టిన రోజును శపిస్తాడు, లెక్క చెప్పమని అడుగుతాడు. చివరికి దేవుడు కోప్పడింది ఎవరి మీద? స్నేహితుల మీద. నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అన్నాడు. ఆ పాఠం విన్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా వీధిలో ఆమె ఇంటికి వెళ్ళినవాళ్ళలో ఎలీఫజు ఉన్నాడు, బిల్దదు ఉన్నాడు, జోఫరూ ఉన్నాడు, ముగ్గురూ చీరలు కట్టుకుని.

ఇది చదువు లేకుండా తెలియదా అంటే, తెలియొచ్చు. బైబిల్ అందరి ఇళ్ళలోనూ ఉంది. కానీ ఏ పుస్తకం ఏ పద్ధతిలో రాశారు, ఎవరు ఎవరితో అంటున్న మాట, ఆ మాటను ఆ పుస్తకమే చివర్లో ఒప్పుకుందా కొట్టేసిందా, ఇవి ఎవరైనా కూర్చోబెట్టి చూపిస్తే తప్ప మనం గమనించం. ఎలీఫజు అన్న మాటను కూడా క్యాలెండర్ మీద వాగ్దానంగా అచ్చు వేసి గోడకు తగిలించుకుంటాం.

ఇంకో సంగతి చెప్తాను, ఇది ఆడవాళ్ళకు నచ్చుతుంది. సామెతలు 31వ అధ్యాయం చివర్లో గుణవతియైన భార్య గురించి ఉంటుంది కదా. పెళ్ళిళ్ళలో, మదర్స్ డే రోజున అదే చదివి మనల్ని కూర్చోబెడతారు. తెల్లవారకముందే లేస్తుంది, అందరికీ వండుతుంది, రాత్రి దీపం ఆరదు. వింటుంటే మెచ్చుకుంటున్నారో పనుల లిస్టు చేతికిస్తున్నారో తెలియదు. తీరా చూస్తే ఆ 22 వచనాలూ హీబ్రూ అక్షరమాల వరసలో కట్టిన పద్యమట. మనం గుణవతి అంటున్న చోట హీబ్రూలో ఉన్న మాట "హయిల్". బలం, శౌర్యం అని అర్థం. యుద్ధవీరుల గురించి చెప్పేటప్పుడు వాడే మాట. ఆమె పొలం చూసి కొంటుంది, ద్రాక్షతోట నాటిస్తుంది, వ్యాపారం చేస్తుంది. అదే మాటను బోయజు రూతుతో అంటాడు. రూతు అప్పటికి ఎవరి భార్యా కాదు, పరిగె ఏరుకునే విధవరాలు, పైగా మోయాబు దేశపు పరాయి పిల్ల. తెలుగులో ఆ రెండు చోట్లా వేర్వేరు మాటలు పడ్డాయి కాబట్టి మనకు ఆ చుట్టరికం కనపడదు. ఈ సంగతి చెప్తే మా స్త్రీల కూడికలో ఒకావిడ, "అయితే ఇన్నేళ్ళూ మనకు సగమే చెప్పారా?" అంది.

సరే, ఇప్పుడు నా ఫిర్యాదు. వేసవి కోర్సు అన్న మాటే మగవాళ్ళ మాట అనిపిస్తుంది నాకు. లేదా చలిదేశాలవాళ్ళ మాట. వాళ్ళకు వేసవి అంటే తీరిక. కాలేజీలు ఖాళీ, పొద్దు పొడుగు, వాతావరణం హాయి. మనకు? మే మూడో వారంలో మొదలైన కోర్సు జూలై మొదటి వారంలో అయింది. అంటే రోహిణి కార్తె మొత్తం అందులోనే. పిల్లలు ఇంట్లో, ఆవకాయ కాయలు ముక్కలు కొట్టించాల్సిన రోజులు, సెలవులకొచ్చిన ఆడపడుచు పిల్లలు, రెండు పెళ్ళిళ్ళు, జూన్ రాగానే స్కూలు పుస్తకాలకు అట్టలు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర. కరెక్టుగా వంట టైము! వారానికి రెండు రోజులు గంటన్నర చొప్పున లైవ్ క్లాసు. పైగా మామూలు రోజుల్లో మూడు నెలలకు పైగా నడిపే పాఠాన్ని ఆరు వారాల్లో కుక్కేస్తారు కాబట్టి చదవాల్సిన పేజీలు కొండలా ఉంటాయి, అదీ ఇంగ్లీషులో.

మా ఆయన ఆ రెండు రోజులూ చపాతీలు తనే చేశారు. గుండ్రంగా రాలేదు, ఎవరూ అడగలేదు. కానీ ఇది ఒక మంచి భర్త ఉన్న ఇల్లాలి కథ అయిపోకూడదని నా గొడవ. భర్త ఒప్పుకుంటేనే, అత్తగారు సర్దుకుంటేనే, చెల్లెలు విదేశంలో ఉంటేనే, ఇంగ్లీషు వస్తేనే చదవగలిగే చదువు ఎంతమందికి అందుతుంది? మన సంఘాలు తలుచుకుంటే ఇదే పాఠం తెలుగులో, పిల్లలు బడికి వెళ్ళే జూలై నుంచి, మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టొచ్చు. కాలేజీలు లేవా? మనకు 1964 నుంచి ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ ఉంది, ఇప్పుడు హైదరాబాదులో. అక్కడ చదువుకున్న పుష్పలలితగారే 2013లో నంద్యాల బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్. చదువుకునే ఆడవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళ చేత గృహిణులకు చెప్పించాలన్న ఆలోచనకే కొదవ.

చదువుకుంటే గర్వం వస్తుంది, భక్తి పోతుంది అనేవాళ్ళున్నారు. దానికి మా అత్తయ్యగారినే ఉదాహరణగా చూపిస్తారు. "ఆవిడ ఏ కోర్సు చేశారు? ఆవిడ ప్రార్థన ముందు మీ సర్టిఫికెట్లు ఎంత?" నిజమే, ఆవిడ ప్రార్థన ముందు నేను ఎంత. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇంటిల్లిపాదినీ, వీధిలో కుక్కలతో సహా పేరు పేరునా దేవుడికి అప్పజెప్తారు. కానీ ఆవిడ బడికి వెళ్ళకపోయినా ఎవరూ చెప్పకుండా నేర్చుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళ పల్లెకు బైబిల్ ఉమెన్ అని ఒకామె నడిచి వచ్చేదట, చేతిలో గొడుగు, సంచీలో సువార్త పుస్తకాలు. వాకిట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఆమే, వాక్యాలు కంఠతా పట్టించింది ఆమే. ఆ బైబిల్ స్త్రీలకు మిషనువాళ్ళు శిక్షణ ఇచ్చి పంపేవారు. అంటే మా అత్తయ్యగారి భక్తి వెనక కూడా చదువుకున్న ఒక ఆడమనిషి ఉంది. మనమేమో ఆ వ్యవస్థ పోయాక దాని స్థానంలో ఏమీ పెట్టలేదు, టీవీ పెట్టాం.

ఇంకా వెనక్కి వెళ్తే పండిత రమాబాయి. సంస్కృత పాండిత్యానికి కలకత్తాలో పండిత బిరుదు పొందిన మనిషి. తర్వాత క్రైస్తవురాలై, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో వితంతువులకూ అనాథలకూ ముక్తి సదనం నడుపుతూ, హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మొత్తం బైబిల్‌ను మరాఠీలోకి అనువదించింది. 1922లో ఆమె పోయింది, పుస్తకం 1924లో వచ్చింది. వందల మంది ఆడపిల్లల అన్నం, బట్ట చూసుకుంటూ చేసిన పని అది. ఆమె కాలంలో ఆన్‌లైన్ లేదు. ఇంకా ముందు ప్రిస్కిల్ల. డేరాలు కుట్టుకునే ఇల్లు ఆమెది. గొప్ప వక్త అపొల్లో చెప్పేదాంట్లో లోపం కనిపిస్తే, నలుగురిలో పరువు తీయకుండా ఇంటికి పిలిచి భార్యాభర్తలిద్దరూ వివరంగా చెప్పారు. ఎంత చదువుంటే అంత మర్యాద!

చదవాలనుకునేవాళ్ళకు నాకు తెలిసింది నాలుగు మాటల్లో చెప్తాను. క్రెడిట్, ఆడిట్ అని రెండు రకాలుంటాయి. క్రెడిట్ అంటే పరీక్ష, వ్యాసాలు, మార్కులు, ఎక్కువ ఫీజు. ఆడిట్ అంటే కూర్చుని వినడం, ఫీజు బాగా తక్కువ. డిగ్రీ అక్కర్లేనివాళ్ళు ఆడిట్ తీసుకోండి, పుస్తకాలు మాత్రం వదలకండి. టైము లెక్క చూసుకోండి. అమెరికా, కెనడా పడమటి తీరంలో వేసవి ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర, గిన్నెలు తోమడం అయిపోతుంది. అసలు డబ్బే లేదంటే యేల్ యూనివర్సిటీ పెట్టిన పాఠాలు ఉచితం. క్రిస్టీన్ హేస్ చెప్పిన పాత నిబంధన 24 పాఠాలు, డేల్ మార్టిన్ చెప్పిన కొత్త నిబంధన 26 పాఠాలు. ఎప్పుడైనా ఆపి మళ్ళీ వినొచ్చు. అయితే అది యూనివర్సిటీ క్లాసు. ఆదికాండంలో రెండు సృష్టి కథలున్నాయని, వేర్వేరు చేతులు రాశాయని మొదట్లోనే చెప్తారు. ఉలిక్కిపడతారు. పడినా వినండి, మన విశ్వాసం గాజు గ్లాసు కాదు.

ఇక్కడే, మన దేశపు పద్ధతిలో కావాలంటే సెరంపూర్ సెనేట్‌వాళ్ళు ఇంట్లో ఉండి చదివే కోర్సులు ఇస్తారు. సెరంపూర్ కాలేజీ 1818 నాటిది, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ అనే సంస్థ 1971 నుంచి ఇలాంటి పని చేస్తోంది. వారమంతా ఇంట్లో చదువుకుని, వారానికోసారి గుంపుగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి వాళ్ళది. గృహిణికి ఇంతకన్నా కుదిరే ఏర్పాటు లేదని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త. మూడు నెలల్లో డాక్టరేట్, పేరు ముందు డాక్టర్ పెట్టుకోవచ్చు, గౌను మేమే ఇస్తాం అనేవాళ్ళ జోలికి పోకండి. సెరంపూర్ అనుబంధమా, ఆసియా థియోలాజికల్ అసోసియేషన్ గుర్తింపా, ఏదీ లేదా అని అడగండి. జవాబు చెప్పకుండా కోపం తెచ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

కోర్సు అయ్యాక మా అయ్యగారికి చెప్పాను. "చాలా మంచిదమ్మా, సండే స్కూలుకు పనికొస్తుంది" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. పిల్లలకు చెప్పడం చిన్న పని అని నేను అనుకోను, పైన రాసిందంతా అదే కదా. కానీ స్త్రీల పండుగ ఆదివారం వాక్యం చెప్పడానికి కూడా వేరే ఊరి నుంచి మగ దైవజనుణ్ణి పిలిచి, ఆయనకు భోజనం వండే కమిటీలో మనల్ని వేయడం ఏమిటో నాకు అర్థం కాదు. మనలో ఒకరు చెప్తే వచ్చే నష్టమేంటి? ఈ మాట సంఘ పెద్దలతో అన్నాను. ఆలోచిస్తామన్నారు. ఆలోచిస్తున్నారు.

ఈలోగా మేం నలుగురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. గురువారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా, వంతుల వారీగా ఒక్కో ఇంట్లో. ఒక పాఠం నేను ముందు విని తెలుగులో నోట్సు రాస్తాను. బీటెక్ టీచరమ్మాయి కూడా వస్తోంది. నోవహు ప్రశ్నకు జవాబు దొరికిందా అంటే లేదు. "నాకూ అదే బాధగా ఉంది, ఇద్దరం కలిసి వెతుకుదాం" అని మాత్రం ఆ పిల్లతో చెప్పిందట. మా వీధిలో ఆమె రెండు వారాలు వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. మూడో వారం యోబు మూడో అధ్యాయం తనే చదువుతానంది. పుట్టిన రోజును శపించే అధ్యాయం. చదివింది. మేమెవరం ఏమీ అనలేదు.

ఆగస్టు నుంచి రూతు మొదలుపెడుతున్నాం. నాలుగే అధ్యాయాలు కాబట్టి వరలక్ష్మీ వ్రతం పనులున్న పక్కింటి అక్క కూడా వస్తానంది, కథ వినడానికి. గుంటూరులో ఉన్నవాళ్ళు ఎవరైనా రావచ్చు. నోట్‌బుక్ తెచ్చుకోండి, టీ మేమిస్తాం.